పిండం తిన్నదెంత, మిగిల్చిందెంత: ఐవీఎఫ్‌లో మెటబాలిక్ ప్రొఫైలింగ్ ఎక్కడిదాకా వచ్చింది?

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట, వనపర్తి, గద్వాల వైపు నుంచి ఐవీఎఫ్ కోసం వెళ్లే జంటలకు ఐదో రోజున ల్యాబ్ నుంచి ఒక రిపోర్టు వస్తుంది. అందులో 4ఏబీ, 4బీబీ, 3బీసీ అని గ్రేడ్లుంటాయి. మొదటి అంకె పిండం ఎంత ఉబ్బిందో చెబుతుంది, 1 నుంచి 6 దాకా. మొదటి అక్షరం లోపలి కణాల ముద్దకు, అంటే బిడ్డగా మారే భాగానికి. రెండో అక్షరం చుట్టూ ఉన్న కణాల గోడకు, అంటే మాయగా మారే భాగానికి. ఇదంతా మైక్రోస్కోపులో కంటితో చూసి వేసే మార్కు. రెండు పిండాలకూ 4ఏబీ వచ్చిందనుకోండి, ముందు దేన్ని గర్భసంచిలో పెట్టాలో ఆ మార్కు చెప్పలేదు. ఒకటి బిడ్డవుతుంది, ఇంకొకటి అసలు అతుక్కోదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

క్రోమోజోముల లెక్క తప్పడం దీనికి పెద్ద కారణం. ఆడవారికి నలభై దాటాక వచ్చే పిండాల్లో సగానికి పైగా ఇలా లెక్క తప్పినవే. అయితే క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయని పరీక్షలో తేలిన పిండాలు కూడా అన్నీ నిలవవు. ఆ మిగిలిన తేడా పిండం జీవక్రియలో దొరుకుతుందేమోనన్న వెతుకులాటే మెటబాలిక్ ప్రొఫైలింగ్. పిండం పెరిగే ద్రవాన్ని కల్చర్ మీడియం అంటారు. పిండాన్ని ముట్టుకోకుండా, ఒక్క కణమైనా తీయకుండా, ఆ మీడియంలో ఏ పదార్థం తగ్గింది, ఏది కొత్తగా చేరింది అని కొలిచి పిండం ఆరోగ్యాన్ని అంచనా వేస్తారు. పొద్దున గాడిలో మిగిలిన గడ్డి చూసి బర్రెకు ఒంట్లో బాగుందా లేదా అని పాడి రైతు చెప్పడం లాంటిదే ఇది.

దీని వెనకున్న జీవశాస్త్రం గట్టిది. నలభై ఏళ్ల పరిశోధన ఉంది. చిక్కంతా కొలతలో ఉంది. రోగి డబ్బు పెట్టి చేయించుకునే పరీక్షగా ఇది ఇంకా ఎందుకు నిలబడలేదో తెలియాలంటే ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

రోజురోజుకూ మారే ఆకలి

గుడ్డు తీసిన రోజును సున్నాగా లెక్కిస్తారు. వీర్యకణం కలిసిన 16 నుంచి 18 గంటలకు గుడ్డులో రెండు కేంద్రకాలు కనిపిస్తే ఫలదీకరణ జరిగినట్టు. అప్పటి నుంచి మూడో రోజు దాకా పిండం తల్లి గుడ్డులో దాచిపెట్టిన సరుకు మీదే బతుకుతుంది. దాని సొంత జన్యువులు నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో గాని పూర్తిగా పనిలోకి దిగవు. ఈ మూడు రోజుల్లో దాని ముఖ్య ఇంధనం పైరువేట్, అంటే గ్లూకోజ్ విరిగితే వచ్చే చిన్న అణువు. గ్లూకోజ్‌ను పెద్దగా తీసుకోదు. అందుకే రెండు దశల మీడియం వాడే ల్యాబుల్లో మొదటి మూడు రోజుల ద్రవంలో గ్లూకోజ్ సుమారు 0.5 మిల్లీమోలార్ (గాఢతను కొలిచే ప్రమాణం) మాత్రమే ఉంటుంది. తర్వాతి దశ ద్రవంలో దాన్ని 3 మిల్లీమోలార్ దాకా పెంచుతారు.

నాలుగో రోజున కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ముద్దవుతాయి. అక్కడి నుంచి ఆకలి మారిపోతుంది. ఐదో రోజు పిండాన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు. దాని లోపల నీటి కుహరం ఏర్పడాలి. గోడ కణాలు సోడియంను అటు నుంచి ఇటు తోడుతూ ఉంటేనే ఆ నీరు లోపలికి చేరుతుంది. ఆ తోడే పనికి శక్తి కావాలి. గ్లూకోజ్ వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా ఆ గ్లూకోజ్‌లో పెద్ద భాగాన్ని పిండం లాక్టేట్‌గా మార్చి బయటికి వదిలేస్తుంది. ఆక్సిజన్ ఉండగానే ఇలా చేయడాన్ని క్యాన్సర్ కణాల్లో జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. వేగంగా విభజన చెందే కణానికి శక్తితో పాటు కొత్త కణాలు కట్టే ముడిసరుకూ కావాలి కాబట్టి ఈ దారి పడుతుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల సంగతి ఇంకా ఆసక్తికరం. పిండం కొన్నింటిని తీసుకుంటుంది, కొన్నింటిని వదులుతుంది. ఈ రాకపోకల మొత్తం తక్కువగా ఉన్న పిండాలే బ్లాస్టోసిస్ట్ దశకు బాగా చేరుతున్నాయని ఇంగ్లండ్‌లోని యార్క్ బృందం 2002లో చూపింది. అదే ఏడాది ఆ బృందంలోని హెన్రీ లీస్ దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పారు. దెబ్బతిన్న పిండం డీఎన్ఏను, ప్రొటీన్లను మరమ్మతు చేసుకోవడానికి ఎక్కువ పదార్థాలు వాడుకుంటుంది, ఆరోగ్యమైన పిండం తక్కువతో నెమ్మదిగా సాగుతుంది అన్నది దాని సారం. 2004లో బ్రైసన్, సహచరులు గ్లైసిన్, లూసిన్, ఆస్పరజిన్ అనే మూడు అమైనో ఆమ్లాల రాకపోకలకూ గర్భం నిలవడానికీ సంబంధం ఉందని ప్రచురించారు.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఆస్ట్రేలియాలో డేవిడ్ గార్డ్‌నర్ బృందం 2011లో చెప్పింది దీనికి ఎదురుగా కనిపిస్తుంది. నాలుగు, ఐదో రోజుల్లో గ్లూకోజ్ ఎక్కువ తీసుకున్న పిండాలే బిడ్డలయ్యాయని వారు చూపారు. తక్కువ తినేది మంచిదా, ఎక్కువ తినేది మంచిదా? నిజానికి రెండు బృందాలూ కొలిచింది వేర్వేరు పదార్థాలను. రోజులూ వేరే. రెండో రోజున అమైనో ఆమ్లాల రద్దీ ఎక్కువైతే అది మరమ్మతుకు గుర్తు కావచ్చు. ఐదో రోజున గ్లూకోజ్ వాడకం ఎక్కువైతే అది ఎదుగుదలకు గుర్తు కావచ్చు. లీస్ బృందం కూడా తర్వాత తమ మాటను సవరించి, మరీ తక్కువ కాక, మరీ ఎక్కువ కాక మధ్యలో ఒక ఆరోగ్యకర పరిధి ఉంటుందని చెప్పింది. కాబట్టి 'పిండం జీవక్రియ స్కోరు' అని ఒకే అంకె ఎవరైనా చూపిస్తే, అది ఏ రోజుది, ఏ పదార్థానిది అని తెలియకుండా దానికి అర్థం లేదు.

ఇరవై మైక్రోలీటర్ల లెక్క

అసలు కష్టం ఇక్కడుంది. ఒక పిండాన్ని పెంచే చుక్క సాధారణంగా 20 నుంచి 50 మైక్రోలీటర్లు. 20 మైక్రోలీటర్లంటే కంట్లో వేసుకునే మందు ఒక చుక్కలో దాదాపు సగమే. అయినా పిండం ఆకలి ముందు అది చెరువంత.

లెక్క వేసి చూద్దాం. 3 మిల్లీమోలార్ గ్లూకోజ్ ఉన్న 20 మైక్రోలీటర్ల చుక్కలో మొత్తం గ్లూకోజ్ 60,000 పికోమోల్స్ (అతి చిన్న పరిమాణాలను లెక్కించే ప్రమాణం). బ్లాస్టోసిస్ట్ గంటకు 50 పికోమోల్స్ తీసుకుంటుందని ఉదాహరణకు అనుకుంటే, 24 గంటల్లో 1,200. అంటే మొత్తంలో 2 శాతం. మంచి పిండం గంటకు 60, మామూలు పిండం 45 తీసుకుంటే, రోజు గడిచాక రెండింటి మధ్య తేడా 360 పికోమోల్స్. మొత్తంలో అది 0.6 శాతం. చుక్క 50 మైక్రోలీటర్లయితే తేడా పావు శాతానికి దిగిపోతుంది. ఏ పిండాన్ని ముందు పెట్టాలన్న నిర్ణయం ఈ 0.6 శాతం మీద ఆధారపడాలి.

ఇప్పుడు ఆ చుక్కలోంచి 0.4 మైక్రోలీటర్ల నీరు ఆవిరైందనుకోండి. అది కూడా 2 శాతమే. నీరు తగ్గితే గ్లూకోజ్ గాఢత 2 శాతం పెరుగుతుంది. పిండం తిన్నది, ఆవిరి కలిపింది సరిసమానమై, పిండం ఏమీ తినలేదన్నట్టు రిపోర్టు వస్తుంది. ఆరోగ్యమైన పిండం 'బలహీనం' అన్న ముద్రతో వెనక వరుసకు పోతుంది.

ఈ ఆవిరి ఎక్కువగా డిష్ తయారుచేసేటప్పుడే జరుగుతుంది. ల్యామినార్ ఫ్లో (శుభ్రమైన గాలి వదిలే పెట్టె) కింద గాలి వీస్తూ ఉంటుంది, కింద బల్ల 37 డిగ్రీల వేడితో ఉంటుంది. ఎంబ్రియాలజిస్టు (ల్యాబ్‌లో పిండాలను చూసుకునే నిపుణుడు) పది చుక్కలు వరుసగా పెట్టి, వాటిని కప్పే నూనెను ఆఖర్న పోస్తే, మొదటి చుక్క ఆ కొద్ది నిమిషాల్లోనే చిక్కబడుతుంది. చుక్క ఎంత చిన్నదైతే నష్టం అంత ఎక్కువ. వేడి చేయని బల్ల మీద, రెండు మూడు చుక్కలు పెట్టగానే నూనె కప్పేసి, తర్వాతి వాటికి వెళ్లడం సరైన పద్ధతి. ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాక కూడా ఆవిరి ఆగదు. ఇప్పుడు చాలా ల్యాబుల్లో ఉన్న బెంచ్‌టాప్ ఇంక్యుబేటర్లలో కొన్ని తేమ లేని పొడి రకానివి. వాటిలో నూనె పొర పల్చగా ఉంటే, ఐదు రోజుల్లో నూనెలోంచి కూడా నీరు పోయి ద్రవం గాఢత పెరుగుతుంది. అది కొలతనే కాదు, పిండాన్నే దెబ్బతీస్తుంది. మెటబాలిక్ పరీక్ష చేయని ల్యాబ్ కూడా ఈ జాగ్రత్త పాటించాల్సిందే.

అందుకే ప్రతి డిష్‌లో పిండం లేని ఖాళీ చుక్క ఒకటి ఉండాలి. అదే మీడియం బ్యాచ్, అదే పరిమాణం, అదే నూనె, అదే ఇంక్యుబేటర్, అన్నే గంటలు. పిండం ఉన్న చుక్కలోంచి ఈ ఖాళీ చుక్క కొలతను తీసేయాలి. ఖాళీ చుక్కతో ఇంకో ప్రయోజనమూ ఉంది. మీడియంలోని గ్లుటమిన్ 37 డిగ్రీల దగ్గర పిండం లేకున్నా దానంతటదే విరిగి అమ్మోనియం ఇస్తుంది. ఖాళీ చుక్క లేకపోతే ఆ అమ్మోనియంను కూడా పిండం లెక్కలో రాసేస్తారు. దీన్ని తగ్గించడానికే ఇప్పటి మీడియంలలో గ్లుటమిన్ బదులు నిలకడగా ఉండే అలనైల్ గ్లుటమిన్ వాడుతున్నారు.

తప్పు జరిగే చోట్లు ఇంకా ఉన్నాయి. గుడ్డు చుట్టూ ఉండే క్యుములస్ కణాలు కొన్ని పిండం పైపొరకు అంటుకుని మిగిలిపోతే, అవి గ్లూకోజ్‌ను బాగా లాగుతాయి. పిండం తిన్నదంటూ రాసిన దాంట్లో వాటి వాటా ఎంతో చెప్పలేం. పిండాన్ని ఒక చుక్కలోంచి మరో చుక్కలోకి మార్చేటప్పుడు పిపెట్‌లో పాత ద్రవం ఒక మైక్రోలీటరు వెంట వచ్చినా, 20 మైక్రోలీటర్ల చుక్కలో అది 5 శాతం. మనం వెతికే తేడాకు ఎన్నో రెట్లు. నాలుగైదు పిండాలను ఒకే చుక్కలో కలిపి పెంచే ల్యాబుల్లోనైతే ఏది ఎంత తిన్నదో తేల్చే దారే లేదు. నమూనా తీసేటప్పుడు పిపెట్ కొనకు నూనె అంటినా పరిమాణం మారుతుంది. తీసిన ద్రవాన్ని వెంటనే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టకుండా బల్ల మీద వదిలేస్తే అమైనో ఆమ్లాల లెక్కలు కదులుతాయి.

చుక్క చిన్నది చేస్తే తేడా పెద్దదిగా కనిపిస్తుంది కదా అని అడగొచ్చు. పరిశోధన ల్యాబుల్లో చేసేది అదే. ఒక మైక్రోలీటరు, అంతకన్నా తక్కువ ద్రవంలో పిండాన్ని కొద్ది గంటలే ఉంచి కొలుస్తారు. కానీ ఒక జంట ఆశలన్నీ పెట్టుకున్న పిండాన్ని అంత చిన్న చుక్కలోకి మార్చి, మళ్లీ బయటికి తీసి, ఆ కాసేపు ఉష్ణోగ్రత, పీహెచ్ (ద్రవంలోని ఆమ్లత్వపు కొలత) ఒడిదుడుకులకు గురిచేయడం చికిత్సలో సరికాదు. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య నిలవాలంటే 5 నుంచి 6 శాతం కార్బన్ డయాక్సైడ్ అందుతూ ఉండాలి. మూత తీసిన ప్రతిసారీ అది చెదురుతుంది.

మార్కెట్‌లోకి వచ్చి నిలవని యంత్రం

ఒక్కో పదార్థాన్ని విడిగా కొలవడం కష్టమని, 2007 ప్రాంతంలో ఇంకో దారి పట్టారు. వాడిన మీడియం మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, మొత్తం వర్ణపటాన్ని ఒకేసారి చదివి, దానికి ఒక స్కోరు ఇచ్చే పద్ధతి అది. కొద్ది నిమిషాల్లో ఫలితం వస్తుంది. తొలి అధ్యయనాల్లో, బిడ్డలైన పిండాల స్కోరు కాని వాటికన్నా ఎక్కువగా వచ్చింది. యంత్రం తయారై అమ్మకానికి కూడా వచ్చింది.

ఆ తొలి అధ్యయనాలన్నీ ఫలితం తెలిశాక వెనక్కి చూసినవి. అసలు పరీక్ష 2012లో స్వీడన్‌లో, నెదర్లాండ్స్‌లో జరిగింది. జంటలను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు కంటి గ్రేడింగ్ మాత్రమే, రెండో గుంపుకు గ్రేడింగ్‌తో పాటు యంత్రం స్కోరు. గర్భం నిలిచే అవకాశం స్కోరు వాడిన గుంపులో పెరగలేదు. తర్వాత ఇలాంటి ట్రయల్స్ అన్నింటినీ కలిపి చూసిన కోక్రేన్ (వైద్య ఆధారాలను మదింపు చేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష కూడా, బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. కారణం ఊహించలేనిదేమీ కాదు. ఆ కాంతిని బాగా పీల్చుకునేది నీరే. పిండం తెచ్చే చిన్న మార్పు నీటి పెద్ద గుర్తు కింద మునిగిపోతుంది. పైగా ఒక ల్యాబ్ మీడియం మీద నేర్పిన సూత్రం మరో ల్యాబ్ మీడియం మీద పనిచేయాలని లేదు.

పిండం కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాల డీఎన్ఏ ఎంత ఉందో లెక్కపెట్టే పద్ధతిది కూడా దాదాపు ఇదే కథ. అది ఎక్కువగా ఉంటే పిండం ఒత్తిడిలో ఉన్నట్టని 2015లో రెండు బృందాలు చెప్పాయి. తర్వాత వేరే ల్యాబుల్లో అదే ఫలితం నిలకడగా రాలేదు. దీనికి పిండం నుంచి కణాలు తీయక తప్పదు కూడా.

ఇప్పుడు ఆశ పెట్టుకోదగ్గది ఫ్లిమ్ అనే పద్ధతి. ఇందులో మీడియంను పట్టించుకోరు. కణంలో శక్తి తయారీకి పనికొచ్చే ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీ అనే అణువులు లేజర్ కాంతి తగిలితే సహజంగానే మెరుస్తాయి. ఆ మెరుపు నానోసెకన్లలో ఎంతసేపు నిలిచిందో కొలిస్తే, ఆ అణువులు ఎంజైములకు అతుక్కుని పనిలో ఉన్నాయా, ఖాళీగా తిరుగుతున్నాయా తెలుస్తుంది. రంగు వేయనక్కర్లేదు. లోపలి ముద్దనూ బయటి గోడనూ విడివిడిగా చూడొచ్చు. ఆవిరి, నూనె, పిపెట్ గొడవలేవీ లేవు. ఇది ఇప్పటిదాకా ఎక్కువగా ఎలుక పిండాల మీద, చికిత్సకు పనికిరావని పరిశోధనకు ఇచ్చిన మానవ పిండాల మీద సాగింది. ఆ లేజర్ మోతాదు పిండానికి హాని చేయదని, ఎంపికలో నిజంగా మేలు జరుగుతుందని పెద్ద ట్రయల్స్‌లో తేలాలి.

వరుస మారితే ఏం మారుతుంది?

ఏ ఎంపిక పరీక్ష అయినా, ఎంత ఖచ్చితమైనదైనా, చేసేది ఒకటే పని: ఉన్న పిండాలను వరుసలో నిలబెట్టడం. బలహీనమైన పిండాన్ని అది బలపరచదు. ఒక్క బ్లాస్టోసిస్టే వచ్చిన జంటకు వరుసతో పనేముంది? ఆ పరీక్ష వారికి అక్కరలేదు. నాలుగు బ్లాస్టోసిస్టులుండి, అన్నింటినీ ఫ్రీజ్ చేసి, గర్భం నిలిచేదాకా ఒక్కొక్కటిగా పెట్టే పద్ధతిలోనైతే, ఆ నాలుగింటిలో బిడ్డ అయ్యేది ఏదో ఒక నాటికి పెడతారు. సరైన ఎంపిక వల్ల కలిసొచ్చేది సమయం. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో ప్రతి స్కానింగ్‌కూ వంద కిలోమీటర్లు వచ్చిపోయే జంటకు, కూలీ దినాలు పోగొట్టుకునే వారికి ఒక ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) తగ్గినా చిన్న విషయం కాదు. ఆ ప్రయోజనాన్ని తక్కువ చేయలేం. కానీ పరీక్ష తప్పు చెబితే నష్టం దానికన్నా పెద్దది. 'జీవక్రియ బాగాలేదు' అని ఒక పిండాన్ని పారేస్తే, దాంతో పుట్టగలిగిన బిడ్డ పోయినట్టే. అందువల్ల ఇలాంటి స్కోరు వరుస మార్చడానికి వాడొచ్చేమో గాని, పిండాన్ని పారేయడానికి వాడకూడదు.

ఈ జాగ్రత్త ఒక్క మెటబాలిక్ పరీక్షకే కాదు. పిండాన్ని కొన్ని నిమిషాలకోసారి ఫొటో తీసే టైమ్ ల్యాప్స్ ఇంక్యుబేటర్ల వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదని 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద ట్రయల్ చూపింది.

'మెటబాలిక్ టెస్ట్' అనే మాట కౌన్సెలింగ్‌లో వినిపిస్తే ముందు అది ఎవరికి చేసే పరీక్షో అడగండి. భార్యాభర్తలకు చేసే చక్కెర, థైరాయిడ్ రక్తపరీక్షలను కూడా కొందరు ఆ పేరుతోనే పిలుస్తారు. అవి వేరు, ఉపయోగం రుజువైనవి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర) ఎక్కువగా ఉండగా గర్భం మొదలైతే గర్భస్రావం, అవయవ లోపాల ముప్పు పెరుగుతుందని తెలుసు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు దెబ్బతినే సమస్య) ఉన్న చాలామందిలో చక్కెర అదుపు కూడా సరిగా ఉండదు. పిండం స్కోరుకు పెట్టే డబ్బు కన్నా, ఐవీఎఫ్ మొదలుపెట్టకముందే చక్కెర, థైరాయిడ్ అదుపులోకి తెచ్చుకోవడానికి, భర్త గుట్కా, పొగాకు మానడానికి పెట్టే మూడు నెలలు ఎక్కువ పనిచేస్తాయి. వీర్యకణం తయారవడానికి పట్టే కాలం కూడా సుమారు రెండున్నర నెలలు.

పిండానికి చేసే పరీక్షే అయితే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పిండాలను విడివిడి చుక్కల్లో పెంచుతున్నారా? ఖాళీ చుక్క పెడుతున్నారా? స్కోరు తక్కువ వస్తే ఆ పిండాన్ని ఏం చేస్తారు? స్కోరు వాడిన జంటల్లో, వాడని జంటల్లో బిడ్డలు పుట్టిన లెక్క మీ దగ్గర ఉందా? చివరి ప్రశ్నకు జవాబుగా గర్భం నిలిచిన శాతం చెబితే, బిడ్డ పుట్టిన శాతం మళ్లీ అడగండి. ల్యాబ్ జిల్లా కేంద్రంలోనే ఉంటే ఇంకో ప్రశ్న: మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు కరెంటు పోతే ఇంక్యుబేటర్లు దేని మీద నడుస్తాయి, ఉష్ణోగ్రత తప్పితే రాత్రిపూట ఎవరి ఫోనుకు అలారం వెళ్తుంది? పిండం బతుకు ఏ స్కోరు కన్నా ఈ జవాబు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

మన దేశానికి సంబంధించి ఇంకో విషయం తప్పక చెప్పాలి. గార్డ్‌నర్ బృందం 2011లో చూసిన దాంట్లో ఆడ పిండాలు మగ పిండాల కన్నా గ్లూకోజ్ ఎక్కువ తీసుకున్నాయి. అంటే ఈ కొలతలో పిండం లింగం గురించి కొంత సూచన దాగి ఉంటుంది. ఖచ్చితంగా చెప్పగలిగేంత కాదు, కానీ దుర్వినియోగం చేయాలనుకునేవారికి ఒక సాకు. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం గర్భధారణకు ముందైనా తర్వాతైనా లింగ ఎంపికను నిషేధిస్తుంది. ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కూడా నిషేధిస్తుంది. జీవక్రియ స్కోరు పేరుతో 'మగపిండం' అని సైగ చేసినా అది నేరమే. అలాంటి సైగ వచ్చిన చోట ఆ స్కోరును నమ్మాల్సిన పని కూడా లేదు.

వాడిన మీడియంను పరిశోధన కోసం దాచుకుంటామని కొన్ని కేంద్రాలు అడగొచ్చు. అడగడంలో తప్పు లేదు. మామూలుగా అది చెత్తలోకి పోయే ద్రవమే, పరిశోధన అలాగే ముందుకు సాగుతుంది. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, తెలుగులో చదివి వినిపించి విడిగా సంతకం తీసుకోవాలి, వద్దంటే చికిత్సలో తేడా రాకూడదు. పరిశోధన ఖర్చు రోగి మీద వేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిల్లులో 'ఎంబ్రియో మెటబాలిక్ అనాలసిస్' అని ఒక వరుస కనిపిస్తే, ఇది పరిశోధనా, చికిత్సా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.